చదువుకు చక్రవడ్డీ

మిర్చి యార్డులో తుమ్ముకు శకునం లేదు. బయట ఊళ్లో ఎవరైనా తుమ్మితే ఆగి, కాసిని మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరతారు. మా యార్డులో ఆ లెక్కన ఆగితే మా తాత కాలంలో వచ్చిన కాయ ఇంకా బండి దిగేది కాదు. ఇక్కడ తుమ్ముతూనే బేరం, తుమ్ముతూనే కాటా, తుమ్ముతూనే పెళ్లిచూపులు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, విద్యా వేతన సమన్వయ శాఖ ప్రాంతీయ అధికారి డాక్టర్ పరాంకుశం గారు మా యార్డులో ప్రసంగం మొదలుపెట్టబోతూ తుమ్మారు. మేమెవరమూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

"వర్తక, కార్మిక మహాశయులారా!" అన్నారు ఆయన, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "వర్ధమాన దేశములందు, ఒక వ్యక్తి బడిలో గడిపిన ప్రతి అదనపు సంవత్సరమునకును అతని వేతనము సుమారు పదో వంతు చొప్పున పెరుగుచున్నదని నిపుణులు నిగ్గు తేల్చియున్నారు. హా... హాచ్! సదరు సత్యము ఇంతవరకు నిరుపయోగముగా పడియున్నది. జనులు చదువుకొని, తద్ద్వారా వేతనములు పెరుగుటకు తరములు పట్టును. అంత తీరిక ప్రభుత్వమునకు లేదు. కావున నేటినుండి, ఎవరు ఎన్ని సంవత్సరములు బడిలో నుండిరో లెక్కించి, ఏడాదికి పదో వంతు చొప్పున వారి జీతము పెంచవలెనని ఉత్తర్వు వెలువడినది. వచ్చే ఉగాదికి మనది అభివృద్ధి చెందిన దేశము. హాచ్!"

హమాలీల మేస్త్రి దేవసహాయం చెయ్యెత్తాడు. "అయ్యగారండీ, చదువుకుంటే కూలి పెరిగిద్దా, కూలి పెరిగితే చదువొచ్చిద్దా?"

"రెండునూ," అన్నారు పరాంకుశం గారు. "నీవెన్ని సంవత్సరములు చదివితివి?"

"నాలుగో తరగతి దాకా అండీ. నాలుగో తరగతే రెండేళ్లు కూర్చోబెట్టారు."

"అయిదు సంవత్సరములు. నమోదు చేయుడు."

"ఏం చదివానో అడగరాండీ?"

"ఉత్తర్వులో ఆ గడి లేదు."

నేను మిరపకాయల కమీషన్ వ్యాపారిని. పేరు కొత్తమాసు సుబ్బరాయుడు. నాకు తెలిసిన చదువల్లా కోల్డ్ స్టోరేజీ చదువే. మంచి కాయను స్టోరేజీలో పెడితే, ధర వచ్చినప్పుడు బయటికి తీసి నాలుగు రూపాయలు చూస్తాం. తాలు కాయ పెడితే ఎన్నేళ్లున్నా తాలే, పైగా అద్దె దండగ. కాయలో ఏముందో చూడకుండా ఎన్నాళ్లు లోపలుందో చూసి ధర కట్టే కొనుగోలుదారు నా ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో ఎదురుపడలేదు. ఎదురుపడితే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకునేవాణ్ణి. ఇప్పుడు ప్రభుత్వమే అలాంటి కొనుగోలుదారుగా మారింది. కాకపోతే డబ్బు నాది.

ఇంకో సంగతి ఉంది. పదో వంతు అంటే నేను బారువడ్డీ అనుకున్నాను. మా గుమాస్తా మెహరున్నీసా ఉత్తర్వు చదివి, పెన్ను చెవి వెనక పెట్టుకుని, మెల్లిగా చెప్పింది.

"చక్రవడ్డీ అండీ, శెట్టిగారూ. ఏడాది ఏడాదికీ పెరిగినదాని మీద మళ్లీ పదో వంతు."

"నువ్వెన్నేళ్లు చదివావమ్మా?"

"ఎంకామ్ అండీ. పదిహేడేళ్లు."

"అంటే?"

"ఏమీ చదవనోళ్ల కూలికి అయిదు రెట్లు."

అప్పు మీద నేను చక్రవడ్డీ వేస్తే పోలీసులొస్తారు. చదువు మీద వేస్తే అభివృద్ధి అట.

మెహరున్నీసాకు అప్పటికి నేనిస్తున్నది ఒకటిన్నర రెట్లు. అది నాకు గిట్టుబాటే, ఎందుకంటే మా కొట్టు నడిచేది ఆమెతోనే. ఏ రైతుకు ఎంత ఇవ్వాలో, ఏ కొనుగోలుదారు చెక్కు వెనక్కి వస్తుందో ఆమెకు తెలుసు. నాకు తెలిసింది గల్లాపెట్టె దగ్గర గంభీరంగా కూర్చోవడమొక్కటే. అయిదు రెట్లు ఇచ్చానంటే ఏడాది తిరిగేసరికి కొట్టు ఆమెది, గుమాస్తాను నేను. నేను అయిదో తరగతి గనక ఆ బేరం ఆమెకు చవక.

ఈ లెక్క నా ఒక్కడికే తట్టలేదు. వారం తిరక్కుండా యార్డులో చదువుకున్న గుమాస్తాలందరినీ తీసేసి, పలక ముఖం చూడనివాళ్లను పెట్టుకోవడం మొదలుపెట్టారు. పక్క కొట్టు చక్కా గురవయ్య కొత్త గుమాస్తా, నాగపూర్ పోవాల్సిన లారీని నెల్లూరు పంపాడు. "పోన్లే, రెండూ 'న'తోనే మొదలయ్యాయి. మావాడికి ఒక అక్షరమన్నా వచ్చు," అని గురవయ్య మురిసిపోయాడు. ఆ మాట తన చెవినే పడగానే ఉలిక్కిపడి, ఒక అక్షరం వచ్చిన నేరానికి వాణ్ణి కూడా తీసేశాడు.

చదువుకున్నవాళ్లు ఊరుకుంటారా? చదువుకోలేదన్నారు. డిగ్రీలవాళ్లు బ్యాంకుకు వెళ్లి వేలిముద్రలు వేశారు. బస్టాండులో లెక్చరర్లు "బాబూ, ఈ బస్సు ఎక్కడికి పోద్ది?" అని ఒకరినొకరు అడిగారు. దాంతో శాఖవారు రెండో ఉత్తర్వు తెచ్చారు. చదువు నిజంగా మర్చిపోయినవారికి పరీక్ష పెట్టి 'అక్షర విముక్తి ధ్రువపత్రము' ఇస్తారు. అది ఉంటే చదివిన ఏళ్లు లెక్కలోంచి కొట్టేస్తారు. పరీక్ష తేలేదాకా పాత జీతమే.

పరీక్ష అన్నాక కోచింగ్ రాకుండా ఉంటుందా? తెల్లారేసరికి మా సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. 'ఈ బోర్డు చదవగలుగుతున్నారా? అయితే వెంటనే మా దగ్గర చేరండి.' టీవీలో ఫొటోలు పెట్టి, ఊపిరాడకుండా అరిచేవారు: "సున్నా! సున్నా! సున్నా! సున్నా! రాష్ట్రవ్యాప్తంగా మొదటి పది సున్నాలూ మావే!"

మెహరున్నీసా ఒక సాయంత్రం గల్లాపెట్టె ముందు నిలబడింది.

"నేనూ చేరతానండీ."

"నీకెందుకమ్మా ఆ ఖర్మ?"

"మీరు నన్ను తీసేస్తే ఇంకెవరూ పెట్టుకోరండీ. నాన్నకి సూదిలో దారం పట్టటం లేదు. మిషను మూలపడింది. కంటి ఆపరేషనుకి డాక్టరు రమ్మన్నాడు. ఎంకామ్ ఉంటే ఎంత, పోతే ఎంత? ఉద్యోగం ఉండాల."

వాళ్ల నాన్న మస్తాన్ దర్జీ. నా పెళ్లి చొక్కా కుట్టింది ఆయనే. నేను సరేనన్నాను.

కోచింగ్ గట్టిగానే ఇచ్చారు. పేపరు తలకిందులుగా పట్టుకోవడం ఒక నెల. సంతకం అడిగితే బొటనవేలు చూపడం ఇంకో నెల. అంకెలు పలకకూడదు. ఆ రోజుల్లో కొట్టులో, "అమ్మాయ్, ఈ రైతుకు ఎంతయింది?" అంటే, "శానా అయిందండీ," అనేది. "ఎన్ని బస్తాలు?" "బోల్డు." రైతు నా వంక చూసేవాడు. నేను రైతు వంక చూసేవాణ్ణి. అతను వెళ్లాక ఆమె చీటీ మీద అసలు లెక్క రాసి, తప్పు చేసినదానిలా అటూ ఇటూ చూసి, నాకిచ్చేది.

పరీక్షకు తోడుగా నేనూ వెళ్లాను. ముందు దరఖాస్తు ఇచ్చారు. 'నాకు చదవడం, రాయడం రాదు' అని సొంత దస్తూరీతో నింపి ఇవ్వాలి. మెహరున్నీసా తెలివైన పిల్ల. దాన్ని తలకిందులుగా పట్టుకుని, "ఇదేందండీ, బొమ్మలు లేవు?" అంది. అక్కడే సగంమంది రాలిపోయారు.

లోపల హాల్లో నల్లబల్ల మీద పెద్దక్షరాలతో 'మీ కుర్చీ కింద పాము ఉంది' అని రాసిపెట్టారు. ఎగిరినవాడు ఫెయిల్. ఒక బీటెక్ కుర్రాడు ఎగిరాడు. ఇద్దరు టీచర్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. మెహరున్నీసా కదల్లేదు. అప్పుడే పరాంకుశం గారు తనిఖీకి వచ్చి, కూర్చుని, బోర్డు చూసి, కుర్చీ పైకెక్కి, "అటెండర్! సర్పము!" అని అరిచారు. ఆయన్ను దించడానికే చాలాసేపు పట్టింది.

ఆఖరిది నోటి పరీక్ష. ఆయన ఎదురుగా కూర్చున్న మెహరున్నీసాను నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"అమ్మా, ఒక బస్తా, ఇంకొక బస్తా, ఎన్ని?"

"బోల్డండీ."

"భేష్," అని ఆయన కాగితం మీద పైకే లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. "కాఫీ ఖర్చులు ఏడు, ప్రయాణ భత్యము ఎనిమిది, వెరసి పదహారు..."

మెహరున్నీసా పెదవి కొరుక్కుంది.

"...పదహారు, దానికి తొమ్మిది కలిపిన, ఇరువది ఆరు..."

ఆమె చెవి వెనక లేని పెన్ను కోసం చెయ్యి పోయింది. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. కిటికీలోంచి నేను వద్దు వద్దని తల ఊపుతున్నాను.

"...ఇరువది ఆరు, దానిలో సగము పద్నాలుగు..."

"మొదట్లోనే పదిహేనండీ!" అంది మెహరున్నీసా, ఏడుపు గొంతుతో. "ఏడూ ఎనిమిదీ పదిహేను. తొమ్మిదితో ఇరవై నాలుగు. సగం పన్నెండు!"

పరాంకుశం గారు కళ్లజోడు తీశారు. "నిరక్షరాస్యతలో అనుత్తీర్ణురాలవైతివి. మరియు, కోచింగ్ కేంద్రమున గడిపిన కాలమును, అది ఎంతయైనను, ఒక పూర్తి విద్యా సంవత్సరముగానే పరిగణింపవలెనని నియమమున్నది. నీవి ఇప్పుడు పద్దెనిమిది సంవత్సరములు."

అంటే అయిదున్నర రెట్లు. నాకేసి తిరిగి, కిటికీలోంచే నాకు నోటీసు ఇచ్చారు. నెలాఖరులోగా ఆ జీతం ఇవ్వాలి, లేదా ఆమెను తీసెయ్యాలి. రెండూ చేయకపోతే కొట్టుకు సీలు.

వచ్చేటప్పుడు ఆటోలో ఆమె ఒక్కటే మాటంది. "తప్పు కూడిక వింటూ ఎట్టా ఊరుకోవాలండీ?"

ముప్ఫై ఏళ్లుగా అవతలివాడు తప్పు కూడితే, నాకు లాభమైనంతవరకు, నేను ఊరుకుంటూనే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లేసరికి మా బామ్మర్ది మార్కండేయులు పీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గోతాం నిండా హాల్‌టికెట్లు. పేరుకు తగ్గట్టే వాడు విద్యార్థి దశలో చిరంజీవి. పదో తరగతి మీద ఎన్నో దండయాత్రలు చేసి, ఇంటర్ మీద ఇంకెన్నో చేసి, డిగ్రీ గుమ్మంలో గుడారం వేసుకున్నాడు. ప్రతిచోటా తప్పేది తెలుగు పేపరే. వాడికి ఎత్వం అంటే పడదు. అక్షరం నెత్తిన ఉత్త పుణ్యానికి బరువు పెట్టడం ఎందుకని వాడి అభిప్రాయం. హాస్టల్లో ఉండగా ఒకసారి వాళ్లక్కకు 'పరుగు పంపించు' అని ఉత్తరం రాశాడు. పరుగు ఎలా పంపాలా అని ఇంటిల్లిపాదీ తల పట్టుకున్నాం. వాడడిగింది పెరుగు.

"బావా," అన్నాడు, "నాకు ఇరవై తొమ్మిదేళ్ల చదువుంది. మీ కొట్లో ఉద్యోగం ఇప్పించండి."

మా ఆవిడ వరదమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "మా తమ్ముడు ఇంత చదివాడని నాకే తెలీదండీ! అందరూ ఫెయిలయ్యాడు ఫెయిలయ్యాడు అంటుంటే నమ్మేశాను."

"ఇరవై తొమ్మిదంటే ఎన్ని రెట్లు రా?"

"పదహారు బావా, కొంచెం తక్కువ. కోచింగ్ పిల్లాడి చేత కట్టించాను."

అయిదున్నరకే కొట్టు పోయేలా ఉంటే, పదహారుకి ఇల్లు, బావి, బామ్మర్ది అక్క, అన్నీ పోతాయి. మజ్జిగ తాగుతుండగా నా వ్యాపార బుర్రకు ఒకటి తట్టింది. సరుకు మనకు గిట్టుబాటు కానప్పుడు ఏం చేస్తాం? గిట్టుబాటయ్యేవాడికి అమ్ముతాం.

"ఒరేయ్ మార్కండేయా, నీ చదువు ముందు నా కొట్టెంత? ఆ గోతాం తీసుకో. నీకు తగ్గ చోటికి తీసుకెళతాను."

పరాంకుశం గారి గదిలోకి చేతులు కట్టుకుని వెళ్లాను.

"అయ్యా, చిన్న సందేహం. ఈ ఉత్తర్వు మీ శాఖకు వర్తించదాండీ?"

"వర్తింపకపోవుటయా!" అన్నారు ఆయన. "మేము ఆదర్శప్రాయులము. ఈ శాఖలో సంవత్సరములను బట్టి వేతనము, వేతనమును బట్టి పదవి. నాకు డాక్టరేటుతో కలిపి ఇరువది సంవత్సరములు. రాష్ట్రస్థాయిలో మా శాఖాధిపతికి ఇరువది రెండు. ఆయనను మించిన విద్యావంతుడు లేడు."

"ఈ అబ్బాయికి ఇరవై తొమ్మిదండీ," అని గోతాం బల్ల మీద బోర్లించాను.

ఆయన హాల్‌టికెట్లన్నీ చూశారు. ప్రతిదాని మీదా రబ్బరు ముద్ర సరిగ్గా ఉంది. నా చొక్కా మీది కారానికి ఒక తుమ్ము తుమ్మారు. తర్వాత మెల్లిగా కుర్చీలోంచి లేచి, తువ్వాలుతో దాన్ని తుడిచి, మార్కండేయులుకు చూపించారు.

"ఉత్తీర్ణత?" అని గొణిగాడు వెనక నించున్న హెడ్ గుమాస్తా.

"ఉత్తర్వులో ఆ గడి లేదు," అన్నారు పరాంకుశం గారు బలహీనంగా.

పదిరోజులు తిరక్కుండా మార్కండేయులు రాష్ట్ర శాఖాధిపతి అయ్యాడు. పాత శాఖాధిపతి వాడికి టీ తెచ్చిపెట్టేవాడని విన్నాను. పరాంకుశం గారిని మా ఊళ్లోనే పాత పదవిలో ఉంచాడు, పెద్దమనిషి తనను మొదట గుర్తించాడన్న కృతజ్ఞతతో. కొత్త అధిపతి వస్తే పాత ఉత్తర్వును తన పేరుతో మళ్లీ జారీ చేయడం ఆ శాఖలో ఆచారం. టైపిస్టు కొట్టుకొస్తానంటే మార్కండేయులు ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు రాసిన చెయ్యి ఊరుకుంటుందా? తన చేత్తోనే రాసి, ముద్ర వేసి, గెజిట్‌కు పంపాడు. గెజిట్‌వాళ్లు మక్కీకి మక్కీ అచ్చేశారు.

అచ్చయిన కాపీ మెహరున్నీసా కొట్టులో పైకి చదివింది. "'బడిలో గడిపిన ఒక్కో సంవత్సరమునకు పదో వంతు చొప్పున, సదరు వ్యక్తి జీతము పంచవలెను.'"

"పెంచవలెను," అన్నాను.

"పంచవలెను అనే ఉందండీ. ఎత్వం లేదు."

దేవసహాయం భుజం మీది బస్తా దించాడు.

"అంటే, సదువుకున్నోళ్లు ఆళ్ల జీతం మాకు పంచాలాండీ?"

"ఏడాదికి పదో వంతు," అంది మెహరున్నీసా. పెన్ను చెవి వెనక నుంచి ఎన్నాళ్లకో చేతికొచ్చింది. "పరాంకుశం గారికి ఇరవై ఏళ్లు. అంటే ఇరవై పదో వంతులు. జీతం మొత్తం పంచేసి, ఇంకో జీతం అప్పు చేసి పంచాలి."

"మరి నీకు పద్దెనిమిదున్నాయిగా?" అన్నాను నేను.

"పంచుతానండీ. మీరిచ్చేదాంట్లో పంచటానికేముంది?"

నేను దగ్గాను. కారం వల్లే.

జీతాలు ముందు పడేది సర్కారువాళ్లకే గనక ఉత్తర్వు ముందు తగిలింది వాళ్లకే. ఒకటో తారీకు పొద్దున్నే దేవసహాయం తన ముఠాను వెంటబెట్టుకుని శాఖ కార్యాలయం ముందు బారులు తీరాడు. పరాంకుశం గారు కారు దిగగానే, "అయ్యగారండీ, మా వాటా," అన్నాడు వినయంగా. వెనక కూరగాయలమ్మేవాళ్లు, రిక్షావాళ్లు, ఎవరో పెళ్లిబృందం కూడా నిలబడ్డారు. ఆయన వెనక దారిన పారిపోయి, బస్సెక్కి రాజధానికి వెళ్లి, శాఖాధిపతి గదిలో పడ్డారట. ఆ తర్వాతి సంభాషణ మార్కండేయులే మాకు చెప్పాడు.

"అయ్యా, ఉత్తర్వులో ఒక ఎత్వము పడలేదు."

"ఎక్కడ?"

"ప మీద."

"ప మీద తలకట్టుంది కదయ్యా! ఒక తలకి ఎన్ని పెడతావు?"

"అర్థము మారినది ప్రభూ! సవరణ మీద తమరు సంతకము చేసిన చాలును. వ్రాయుటలో తప్పు జరిగినదని..."

"తప్పా?" మార్కండేయులు లేచి నిలబడ్డాడట. "ఇరవై తొమ్మిదేళ్లుగా నా పేపర్లు తప్పు తప్పని కొట్టేసింది మీలాంటోళ్లే. ఇప్పుడు నా ముద్ర ఉంది. అది తప్పు కాదు. ఉత్తర్వు!"

"తమరి జీతము కూడ పంచవలసివచ్చును. ఇరువది తొమ్మిది పదో వంతులు!"

"నాకు అప్పులు కొత్తా?" అన్నాడు మార్కండేయులు.

సవరించడానికి వీల్లేనిదాన్ని రద్దు చేయడమొక్కటే మార్గం. డాక్టరేట్లున్నవాళ్లంతా ఒక్కటై, ఏ ప్రభుత్వ కాగితమూ ఎన్నడూ నడవనంత వేగంగా ఆ కాగితాన్ని నడిపించారు. ఉత్తర్వు పోయింది, దాని వెనకటి ఉత్తర్వు పోయింది, శాఖే పోయింది. మార్కండేయులును 'అర్హతకు మించిన అర్హత కలిగియున్నందున' తొలగించారు. వాడు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి మా నట్టింట్లో తగిలించాడు. వాడు పాసైనట్టు ప్రభుత్వం ఒప్పుకున్న కాగితం అదొక్కటేనని మా ఆవిడ రోజూ దానికి దండ వేస్తోంది.

కొట్టు మళ్లీ కొట్టులా నడుస్తోంది. గురవయ్య లారీలు నాగపూరే వెళుతున్నాయి. అంతా సర్దుకుందని నేను గల్లాపెట్టె దగ్గర గంభీరంగా కూర్చుని ఉండగా, మెహరున్నీసా వచ్చి నిలబడింది.

"శెట్టిగారూ, జీతం సంగతి."

"ఉత్తర్వు పోయిందిగా అమ్మా! పాత ఒకటిన్నర రెట్లు."

"ఉత్తర్వు సంగతి కాదండీ. పోయిన సీజన్లో గురవయ్య గారు అక్షరం రాని గుమాస్తాతో పోగొట్టుకుంది ఎంతో లెక్క కట్టాను. మీరు పోగొట్టుకోనిది ఎంతో కట్టాను. నాన్న ఆపరేషను ఖర్చు కట్టాను. గురవయ్య గారు నిన్న మా ఇంటికొచ్చి నన్ను రమ్మని ఎంతిస్తానన్నారో అది కూడా కట్టాను. మూడు రెట్లకి తక్కువైతే నాకు గిట్టదండీ."

చదువుకు జీతం ఎందుకు పెరుగుతుందో నిపుణులు ఎన్నేళ్లకు తేల్చారో నాకు తెలియదు. నాకు ఆ నిమిషంలో తేలిపోయింది. చదువుకున్నవాళ్లు లెక్క కట్టి అడుగుతారు.

రెండున్నర అందామని నోరు తెరిచాను. తుమ్మొచ్చింది. ఇదేదో బాగుందనిపించింది.

"చూశావా అమ్మాయ్, శకునం. మంచి పని తలపెట్టగానే తుమ్మాను. వచ్చే సీజనుకు చూద్దాం."

మెహరున్నీసా పెన్ను చెవి వెనక పెట్టుకుంది.

"యార్డులో తుమ్ముకి శకునం లేదండీ, శెట్టిగారూ," అంది. "మూడు."